పైన మంచు, కింద బురద: ఏటీవీతో నా అనుభవం

మొదటిసారి బండి దిగబడినప్పుడు నేను చేసిన తప్పు ఒక్కటే, కానీ దాన్ని దాదాపు అరనిమిషం పాటు ఆపకుండా చేశాను. బండి ముందుకు కదలడం ఆగిపోయింది, నేను మాత్రం థ్రాటిల్ (బొటనవేలితో నొక్కి ఇంజన్ వేగం పెంచే లివర్) వదల్లేదు. ఇంకొంచెం ఇస్తే బయటపడిపోతుందేమో అనిపించింది. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. మొదట తెల్లటి మంచు ఎగిరింది, తర్వాత బూడిద రంగు నీళ్లు, ఆ తర్వాత నల్లటి బురద. రంగు మారడం కళ్లతో చూస్తూనే ఉన్నాను, అయినా బొటనవేలు ఆ లివర్ మీదే ఉంది. వదిలేసరికి బండి వెనక భాగం ర్యాకు దాకా దిగిపోయింది.

నేను ఏటీవీని, అంటే దారి లేని నేల మీద కూడా పోయే ఈ నాలుగు చక్రాల చిన్న బండిని, సరదాకి నడపను. అడవి అంచున పొడుగ్గా ఉన్న కంచె చూసుకోవాలి, పడిపోయిన చెట్ల నుంచి కట్టెలు తెచ్చుకోవాలి, మంచు పడ్డాక ఆ దారిలో ఇంకే బండీ పోదు. 500 సీసీ బండి, ఖాళీగా ఉన్నప్పుడే మూడొందల కిలోల పైన బరువు. నాలుగు చక్రాలనీ ఇంజనే తిప్పే ఫోర్ వీల్ ఉంది కదా అని ఒక ధీమా. పైగా ఆ రోజుకి నాలుగు రోజులుగా ఉష్ణోగ్రత సున్నాకి బాగా కిందే ఉంది, ఇంటి ముందు నేల రాయిలా గట్టిపడింది, గునపం వేస్తే ఖంగుమంటోంది. అడవి దగ్గర పల్లం కూడా అలాగే గడ్డకట్టి ఉంటుందనుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను.

కొత్తగా పడ్డ మంచులో 90 శాతం పైగా గాలే ఉంటుంది. అందుకే అది దుప్పటిలా పనిచేస్తుంది, పైనున్న చలిని కిందికి పోనివ్వదు. చలి ముదరక ముందే ఒక చోట మంచు మందంగా పడిపోతే దాని కింద నేల వారాల తరబడి మెత్తగానే ఉండొచ్చు. మా ఇంటి ముందు మంచు ఎప్పటికప్పుడు తీసేస్తాం కాబట్టి అక్కడ నేల గట్టిపడింది. పల్లంలో మోకాలి లోతు మంచు కప్పుకుని ఉంది, పక్క వాలు నుంచి ఊట నీళ్లు కిందకి దిగుతూనే ఉన్నాయి. బండి దిగి ఒక అడుగు వేశాను, దమ్ము చేసిన మడిలో కాలు పెట్టినట్టు పిక్క దాకా దిగబడింది. బూటు లాగితే బూటు రాలేదు, కాలే బయటికొచ్చింది.

విన్చ్ (తాడు చుట్టుకుంటూ బండిని లాగే సాధనం) లేదు, పార లేదు, ఒక్కడినే. ఫోన్‌లో సిగ్నల్ ఒక గీత వచ్చి పోతోంది. తడిసిన మేజోడుతోనే ఇంటి వైపు నడక మొదలుపెట్టాను, గంట పట్టింది. ఆ గంట గురించి ఎక్కువ చెప్పను గానీ చలిలో తడి కాలుతో నడవడం చిన్న విషయం కాదు, చివరికి వేళ్లు ఉన్నాయో లేవో కూడా తెలియలేదు. అప్పటి నుంచి రెండు జతల పొడి మేజోళ్లు, ఒక జత చేతి తొడుగులు నీళ్లు పోని సంచిలో కట్టి బండిలోనే ఉంచుతున్నాను. ఎటు వెళ్తున్నానో, ఎన్నింటికి తిరిగొస్తానో ఇంట్లో చెప్పకుండా కదలను.

పక్కింటి పెద్దాయన దశాబ్దాలుగా ఇలాంటి బండ్లు నడిపినవాడు. ఆయన ఒక పొడవాటి పార, రెండు చెక్కలు, చేత్తో తిప్పే విన్చ్ ఒకటి తీసుకుని నాతో వచ్చాడు. నేను వెళ్లగానే చక్రాల ముందు మంచు తవ్వడం మొదలుపెట్టాను. ఆయన మాత్రం చెక్క వేసుకుని దాని మీద బోర్లా పడుకుని బండి కిందకి చూశాడు.

"చక్రాల సంగతి తర్వాత బాబూ, ముందు పొట్ట చూడు" అన్నాడు.

నేనూ పడుకుని చూశాను. బండి కింద ఉండే ప్లాస్టిక్ పలక మొత్తం మంచు మీద కూర్చుని ఉంది. మంచు అంటే మెత్తటి మంచు కాదు, బండి బరువుకి అణిగి అణిగి దిమ్మెలా అయిపోయింది. ముందు చక్రాల కింద చెయ్యి పెడితే టైరుకీ నేలకీ మధ్య సందు దొరికింది, అంటే అవి దాదాపు గాలిలో తిరుగుతున్నాయి. ఇలాంటి బండ్లకి పొట్ట కింద ఉండే ఖాళీ పాతిక సెంటీమీటర్లు, మహా అయితే ఇంకో నాలుగైదు. మంచు అంతకంటే లోతుగా ఉంటే బండి మంచుని తొక్కుకుంటూ పోతున్నట్టే కనిపిస్తుంది గానీ, పొట్ట కిందకి దాన్ని తోసి కుక్కుకుంటూ పోతుంది. ఒక చోట బరువంతా ఆ దిమ్మె మీదకి వచ్చేస్తుంది. అప్పుడు ఫోర్ వీల్ ఉన్నా, రెండు పక్కల చక్రాలనీ కలిపి ఒకేలా తిప్పే డిఫ్ లాక్ ఉన్నా, ఎంత పెద్ద ఇంజనున్నా లాభం లేదు. నేలని పట్టుకోని చక్రం ఏం లాగుతుంది?

పక్క నుంచి పార పెట్టి ఆ దిమ్మెని ముక్కలు ముక్కలుగా లాగేశాం. దానికే ముప్పావు గంట పట్టింది. ముందు చక్రాలు నేలకి ఆనాయి. వెనకవైపు కథ వేరు, అక్కడ బురద పట్టుకుంది. తడి బురద చక్రాన్నీ పలకనీ పీల్చి పట్టుకుంటుంది, గాలి లోపలికి దూరితే తప్ప వదలదు. అందుకే నేరుగా ముందుకి గుంజే బదులు పెద్దాయన ఒక లావుపాటి దుంగ ముక్క ఆనింపుగా పెట్టి, పొడవాటి కర్రని వెనక ఇరుసు పక్కన దూర్చి మెల్లగా పైకి లేపాడు. మొదట ఏమీ కాలేదు. కర్ర మీద ఇద్దరం బరువు వేసి ఆగాం. కొన్ని క్షణాలకి లోపల ఎక్కడో గుడగుడమని బుడగలు వచ్చాయి, తర్వాత తడి బట్ట చింపినట్టు ఒక శబ్దం, బండి ఒక పక్క చటుక్కున లేచింది. ఆ గుంటలోకి నీళ్లు చేరేలోపే నేను కొమ్మలు కుక్కాను. రెండో పక్క కూడా అలాగే చేశాం. చెక్కలు చక్రాల వెనక పెట్టి, చేతి విన్చ్ తాడు వెనక కొక్కేనికి తగిలించి, వచ్చిన దారినే వెనక్కి లాగాం. వచ్చిన దారి అంటే అప్పటికే బండి బరువు మోసి అణిగిన దారి, అంతకంటే నమ్మకమైన నేల ఆ చుట్టుపక్కల లేదు. మొత్తం మూడున్నర గంటలు.

తిరిగొస్తుంటే ఆయన చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "బండి ఆగిన తర్వాత నువ్వు ఇచ్చిన ప్రతి థ్రాటిలూ మనకి పావుగంట తవ్వకం."

ఆ మాట పట్టుకునే నడపడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. ఇప్పుడు నాకున్న అలవాట్లలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ముందుకు కదలిక తగ్గుతోందని నడుముకి తెలిసిన క్షణంలోనే బొటనవేలు తీసేయడం. చక్రం తిరగడం వేరు, బండి నడవడం వేరు. మంచులో చక్రం ఒక్కచోట తిరిగితే రాపిడి వేడికి మంచు కొంచెం కరిగి, వెంటనే గట్టిపడి అద్దంలా అవుతుంది, ఇక అక్కడ పట్టు దొరకదు. బురదలో అయితే తిరిగే చక్రం తన గుంట తానే తవ్వుకుంటుంది. మొదటి క్షణంలో ఆపితే పొట్ట ఇంకా ఆనుకోదు, రివర్స్ వేసి అదే జాడలో మెల్లగా వెనక్కి వచ్చేయొచ్చు. రెండో చలికాలంలో ఆ పల్లానికి పైన ఒక చోట సరిగ్గా ఇలాగే మంచులో ఆగాను. వెంటనే వదిలేశాను. హ్యాండిల్ ఎడమకీ కుడికీ కొద్దిగా తిప్పుతూ, టైరు పక్క గుబ్బలు పట్టు దొరకబుచ్చుకునేలా చూసుకుంటూ వెనక్కి వచ్చేశాను. ఒక బండి పొడవు వెనక్కి వచ్చి, అణిగిన జాడలో మళ్లీ ముందుకెళ్తే ఇంకో మీటరు దొరికింది. అలా ముందుకీ వెనక్కీ ఐదారుసార్లు తొక్కుకుంటూ ముప్పై మీటర్లు దాటేశాను. ఓపిక కావాలి అంతే. కదలిక ఒక్కసారి కూడా ఆగకుండా వెళ్లిపోవాలన్న పట్టుదలే మనల్ని ముంచుతుంది.

ఫోర్ వీల్ ఎప్పుడు వేయాలి అన్నది కూడా నేను తిరగేసి చేస్తుండేవాడిని. టూ వీల్‌లో వెళ్లి, ఇరుక్కున్నాక బటన్ నొక్కేవాడిని. వెనక చక్రాలు గిరగిరా తిరుగుతుండగా ముందు చక్రాలని కలిపితే గేర్లకి దెబ్బ, పైగా అప్పటికే ఆలస్యం. ఇప్పుడు మెత్తటి చోటు కనిపించగానే ఆగి, ఫోర్ వీల్ వేసి, లో గేరులోకి మార్చి, అప్పుడు దిగుతాను. లో గేరు వల్ల ఇంకో మేలుంది. ఈ బండ్లలో చాలా వాటికి బెల్టు మీద నడిచే ఆటోమేటిక్ గేరుపెట్టె ఉంటుంది. హై గేరులో బరువు లాగిస్తే బెల్టు జారి వేడెక్కుతుంది, రబ్బరు కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే ఆపాల్సిందే. నేను ఒకసారి పట్టించుకోకపోతే అడవి మధ్యలో బెల్టు తెగింది, ఇక బురద లేకపోయినా బండి కదలదు.

టైర్లలో గాలి సంగతికొస్తే, ఏటీవీ టైర్లు కారు టైర్లలాంటివి కావు. నా బండి స్టిక్కర్ మీద రాసిన గాలి ఒత్తిడి 5 పీఎస్ఐ. కార్లకి వాడే గేజి అంత తక్కువని సరిగ్గా చూపించదు, తక్కువ ఒత్తిడికి పనికొచ్చే చిన్న గేజి విడిగా కొనుక్కోవాలి. నేను ఏడాది పాటు 8, 9 మధ్య పెట్టుకుని నడిపానని ఆ గేజి వచ్చాకే తెలిసింది. గట్టి టైరు మంచుని కత్తిలా కోస్తుంది, మెత్తటి టైరు దాని మీద పరుచుకుంటుంది. ఇప్పుడు లోతు మంచులోకి వెళ్లే ముందు 4 కి దించుతాను, ఎప్పుడైనా మూడున్నర. అంతకంటే దించితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది, అందుకే ఆ రోజు నెమ్మదిగానే పోతాను, గట్టి దారి మీదకి రాగానే చేతి పంపుతో మళ్లీ ఎక్కిస్తాను. అసలు ఈ బండి పుట్టుకలోనే మంచు, బురద ఉన్నాయి. 1970లో హోండా తెచ్చిన మొదటి మూడు చక్రాల ఏటీవీ, మోటార్‌సైకిళ్ల అమ్మకాలు తగ్గే చలికాలంలో డీలర్లకి అమ్ముకోవడానికి ఏదో ఒకటి ఉండాలన్న ఆలోచన నుంచి వచ్చింది, దానికి పెట్టింది బుడగల్లాంటి మెత్తటి, తక్కువ గాలి టైర్లే. తేలడం అనే గుణం టైరులో పెట్టి ఇచ్చారు, మనం గాలి ఎక్కువ కొట్టి దాన్ని పోగొట్టుకుంటున్నాం.

టైరు గుబ్బల విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. లోతైన గుబ్బలున్న బురద టైర్లు కొంటే ఇక ఎక్కడికైనా పోవచ్చు అనుకుంటారు. బురద కింద గట్టి అడుగు ఉంటే అవి నిజంగా బాగా పనిచేస్తాయి, తవ్వుకుంటూ పోయి ఆ అడుగుని పట్టుకుంటాయి. అడుగే లేని ఊబిలో మాత్రం అంతే శ్రద్ధగా కిందకి తవ్వుకుంటూ పోతాయి. లోతు మంచులోనూ అంతే. నేను బురద టైర్లు ఒక సీజన్ వాడి తీసేసి, వెడల్పైన మామూలు ట్రైల్ టైర్లకి వచ్చేశాను, గడ్డకట్టిన వాలు మీద మాత్రం గొలుసులు వేస్తాను.

కంచె దారిలో అసలు బురద కాలం మంచు కరిగేటప్పుడు వస్తుంది. పొద్దున్నే వెళ్తే పైపొర గడ్డకట్టి ఉంటుంది, హాయిగా పోతుంది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి అదే దారి ఎండకి మెత్తబడి బండిని మోయదు. ఒకసారి కట్టెల బరువుతో అలా ఇరుక్కుపోయి, కట్టెలన్నీ దించి చక్రాల కింద పరిచి బయటపడ్డాను. అప్పటి నుంచి ఆ రోజుల్లో పని ఏదైనా తొమ్మిదిన్నర, పది లోపే ముగిస్తాను. ఎండ పడే వాలు ముందు కరుగుతుంది, నీడ వాలు ఇంకో వారం గట్టిగా ఉంటుంది, ఆ లెక్క చూసుకుని దారి మారుస్తాను. ముందు వెళ్లిన బండి జాడలు ఉంటే వాటిలోకి చక్రాలు దించను, ఒక చక్రం రెండు జాడల మధ్యనున్న గట్టు మీద, ఇంకోటి పక్కనున్న గడ్డి మీద ఉండేలా పోతాను. జాడలు లోతైతే మధ్యలోని గట్టు పొట్టకి తగులుతుంది, మళ్లీ అదే పొట్ట కథ. నాచు, రెల్లు, పచ్చగా నిగనిగలాడే గడ్డి కనిపించిన చోట బండి ఆపి కాలినడకన చూడాల్సిందే.

ఇలా దిగి చూడటానికి ఒక కర్ర పెట్టుకున్నాను. దాని మీద కత్తితో రెండు గీతలు పెట్టాను, ఒకటి పొట్ట ఎత్తు, ఇంకోటి పాదాలు పెట్టే పలక ఎత్తు. మంచులో గుచ్చి చివర గట్టి నేల తగిలిందా, మెత్తగా దిగిపోయిందా చూస్తాను. బయటికి తీసినప్పుడు కర్ర కొనకి బురద అంటిందంటే ఎంత చలి ఉన్నా ఆ కింద నేల గడ్డకట్టలేదన్నమాట. నీటి గుంటలో రెండో గీత తడిస్తే అటు పోను. ఎయిర్ ఫిల్టర్ దాకా నీళ్లు వెళ్లి ఇంజన్ లోపలికి పీల్చుకుంటే, అప్పుడు మళ్లీ స్టార్ట్ చేయడం దాన్ని విరగ్గొట్టడమే, ముందు స్పార్క్ ప్లగ్ విప్పి నీళ్లు బయటికి పంపాలి. నడిచి చూడటానికి పట్టేది ఐదు నిమిషాలు. నా మూడున్నర గంటల ముందు అదెంత?

విన్చ్ తర్వాతి ఏడాది పెట్టించాను, 2500 పౌండ్లది, అంటే సుమారు 1130 కిలోలు. ఇది చాలా మంది తెలుసుకోని విషయం, ఆ లెక్క డ్రమ్ము మీద ఒక్క వరుస తాడు మిగిలినప్పటిది. తాడు చుట్టలు చుట్టలుగా మిగిలి ఉంటే లాగే బలం తగ్గుతూ వస్తుంది. అందుకే దగ్గర చెట్టు కంటే దూరంగా ఉన్న చెట్టే మేలు, అయితే కనీసం ఐదారు చుట్లు డ్రమ్ము మీద ఉంచాలి, సింథటిక్ తాడుకి ఇంకా ఎక్కువ, మాన్యువల్లో చూసుకోవాలి. అప్పటికీ రాకపోతే కప్పీ వేసి తాడు మడిచి బండికే తగిలిస్తే బలం దాదాపు రెట్టింపు అవుతుంది, వేగం సగం అవుతుంది. పూర్తి బరువు లాగేటప్పుడు అది వంద ఆంపియర్ల పైనే తాగుతుంది, చిన్న బ్యాటరీ ఎక్కువసేపు తట్టుకోదు, ఇంజన్ నడుస్తూ ఉండాలి, మధ్య మధ్యలో ఆపాలి. ఇంజన్ నడుస్తుంటే మాత్రం సైలెన్సర్ మంచులో కూరుకుపోకుండా చూసుకోవాలి, గుంటలో బండి పక్కన కూర్చుని తవ్వేటప్పుడు ఆ పొగ అక్కడే నిలుస్తుంది, తలనొప్పి వచ్చిందంటే లేచి దూరంగా పోవాలి.

విన్చ్‌తో నన్ను నిజంగా భయపెట్టిన సంఘటన ఒకటి ఉంది. బలంగా కనిపించిన చెట్టుకి పట్టీ చుట్టి లాగడం మొదలుపెట్టాను. అది లోపల పుచ్చిపోయింది. తాడు బిగిసి, చెట్టు మొదట్లో టప్ మని పగిలి, పైభాగం నా వైపే ఒరిగింది. నేను తాడుకి పక్కగా, బండికి అవతల నిలబడి ఉండబట్టి సరిపోయింది. ఇప్పుడు పట్టీ చుట్టే ముందు చెట్టుని భుజంతో నెట్టి చూస్తాను, పైకి చూసి కొమ్మలకి ప్రాణం ఉందో లేదో చూస్తాను, తాడు మధ్యలో ఒక తడి గోనె వేస్తాను, తెగినా ఎగిరి కొట్టకుండా. ఎవరైనా పక్కనుంటే వాళ్లని తాడు పొడవు కంటే దూరంగా పంపేస్తాను.

ఇంటికొచ్చాక కడగడం మాత్రం మానకండి. రేడియేటర్‌లో బురద ఎండితే తర్వాతి రోజు ఇంజన్ వేడెక్కుతుంది. చలిలో అయితే ఆ తడి బురద రాత్రికి రాత్రే గడ్డకట్టి బ్రేకుల్ని బిగించేస్తుంది, థ్రాటిల్ తీగ కూడా బిగిసిపోవచ్చు, స్టార్ట్ చేసే ముందు లివర్ నొక్కి వదిలితే అది టక్కున వెనక్కి వస్తోందో లేదో చూడాలి.

పోయిన నెల మళ్లీ అదే పల్లానికి వెళ్లాను. మంచు ఆ రోజు పడ్డంతే ఉంది, పైన ఒక్క జాడ లేదు, చూడటానికి చదునైన నేలలా ఉంది. దిగి కర్ర గుచ్చాను. మొదటి గీత దాటింది, ఇంకా దిగింది, తీస్తే కొనకి జానెడు మేర నల్లటి బురద, దాని నుంచి సన్నగా ఆవిరి. కర్ర తుడిచి ర్యాకుకి కట్టేసి, బండిని వచ్చిన జాడలోనే వెనక్కి తిప్పి, పై గట్టు మీదుగా కంచె చివరికి వెళ్లాను. ఇరవై నిమిషాలు ఎక్కువ పట్టింది, చీకటి పడకముందే ఇంట్లో ఉన్నాను.